ఇంట్రాన్ ఎప్పుడు తెగుతుంది: ఆర్‌ఎన్‌ఏ తయారవుతుండగానా, తయారయ్యాకా?

స్రవంతి_హన్మకొండ | ఆదివారం రాత్రి 9.40

అందరికీ నమస్తే. నేను హన్మకొండలో ఎమ్మెస్సీ జువాలజీ చివరి సెమిస్టర్ చదువుతున్నాను. వచ్చే వారం శుక్రవారం, అంటే పన్నెండు రోజుల్లో నా సెమినార్. అంశం పండు ఈగల్లో, అదే డ్రోసోఫిలాలో, స్ప్లైసింగ్, అంటే ఆర్‌ఎన్‌ఏలో మధ్య ముక్కలు (ఇంట్రాన్లు) తీసేసి మిగతావి (ఎక్సాన్లు) అతికించడం. నిన్న గైడ్ సార్ ఒక్క ప్రశ్న అడిగారు. "పాలిమరేజ్ జన్యువు చివరికి చేరకముందే ఇంట్రాన్ తెగిపోతుందా? తెగితే ఆ సంగతి నీకెట్ల తెలుస్తుంది?" పాలిమరేజ్ అంటే డీఎన్‌ఏ మీద నడుస్తూ ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే ఎంజైము. జవాబు చెప్పలేకపోయాను.

ఇంటర్ నుంచి నేను చూసిన బొమ్మలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ముందు పొడుగాటి ఆర్‌ఎన్‌ఏ మొత్తం తయారవుతుంది, దానికి టోపీ, తోక వస్తాయి, ఆ తర్వాతే ఇంట్రాన్లు పోయి ఎక్సాన్లు అతుక్కుంటాయి. ఈ వరుస నిజమేనా?

ఇంకో టెన్షన్ కూడా ఉంది. నా ప్రాజెక్టులో ఈగల్ని 38 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి ఆర్‌ఎన్‌ఏ తీశాను. హెచ్‌ఎస్‌పీ83 జన్యువులో ఇంట్రాన్‌కు రెండు పక్కలా ప్రైమర్లు (కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పెట్టి ఆర్‌టీ-పీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి పెంచి చూడటం) చేస్తే, వేడి తగిలిన ఈగల్లో జెల్ మీద మామూలు బ్యాండ్ (గీత) పైన ఇంకో బ్యాండ్ వచ్చింది. 25 డిగ్రీల ఈగల్లో అది లేదు. డీఎన్‌ఏ కలిసిపోయిందేమో అంటున్నారు. అది నిజంగా ఇంట్రాన్ తెగని ఆర్‌ఎన్‌ఏ అయితే, సార్ అడిగిన ప్రశ్నకూ దీనికీ సంబంధం ఉందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

కరీంనగర్_మాస్టారు | ఆదివారం రాత్రి 10.15

అమ్మా స్రవంతీ, ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. తెలుగు మీడియం పుస్తకాల్లో అనులేఖనం, అంటే డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ అచ్చు కావడం, ఒక దశ, అనులేఖన అనంతర మార్పులు తర్వాతి దశ. పేరులోనే "అనంతర" అని ఉంది. పరీక్షలో ఆ వరుసలోనే రాయాలి, మార్కులు దానికే. ముందు మొత్తం అచ్చు కావాలి, ఆ తర్వాతే కోత. ఇంకో మాట చెప్పాలంటే నాకు ఆధారం కావాలి.

ఈగలగది | ఆదివారం రాత్రి 11.02

మాస్టారూ, నమస్కారం. మాది ఖమ్మం రోడ్డు పక్క ఊరే. ఇప్పుడు బయట ఒక ల్యాబ్‌లో ఏడేళ్లుగా ఈగలతోనే పని. ఆధారం అడిగారు కాబట్టి కంటితో చూసిన దాంతోనే మొదలుపెడతాను.

1969లో ఆస్కార్ మిల్లర్, బార్బరా బీటీ కలిసి ఉభయచరాల అండకణాల నుంచి జన్యువుల్ని పరిచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టారు. కనబడింది అచ్చం ఈత కొమ్మ లాంటిది. మధ్యలో ఈనె డీఎన్‌ఏ. దాని మీద వరుసగా పాలిమరేజ్‌లు, ఒక్కోదాని నుంచి ఒక్కో ఆర్‌ఎన్‌ఏ పోగు. జన్యువు మొదట్లో పోగులు పొట్టివి, చివరికి వెళ్లేకొద్దీ పొడుగు.

అదే పద్ధతిలో ఆన్ బేయర్, ఇవోన్ ఒషైమ్ డ్రోసోఫిలా పిండాల జన్యువుల్ని చూశారు. వాళ్ల పేపర్ 1988లో వచ్చింది. వాళ్లు చూసింది ఇదీ: పోగులు పొడుగవుతూ పోతూ ఒకచోట వలయంలా ముడుచుకున్నాయి, ఆ వలయం అడుగున ఒక గుండ్రటి ముద్ద ఉంది. ఇంకొంచెం ముందుకు పోతే వలయం లేదు, పోగు ఉన్నట్టుండి పొట్టిదైంది. అయినా పోగు మొదలు ఇంకా పాలిమరేజ్‌కే అతుక్కొని ఉంది, పాలిమరేజ్ డీఎన్‌ఏ మీదే ఉంది. అంటే అచ్చు పూర్తి కాకముందే ఇంట్రాన్ వెళ్లిపోయింది. కోత ఇంట్రాన్ చివర తయారైన కొద్ది నిమిషాల్లోనే జరిగిపోతోందని వాళ్లు లెక్కగట్టారు.

ఆ ఫొటోలు మొదటిసారి చూసిన రోజు నేను భోజనం మరిచిపోయాను.

కాజీపేట_కిరణ్ | సోమవారం ఉదయం 7.20

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, బయాలజీ పదో తరగతితో ఆగింది. అయినా ఈ చర్చ వదలబుద్ధి కావడం లేదు. ఇంట్రాన్ అంటే ఏమిటి, అది ఎందుకు తెగాలి? ఎవరన్నా రెండు ముక్కల్లో చెప్పండి అన్నా.

జనగామ_జువాలజీ | సోమవారం ఉదయం 8.05

కిరణ్ గారూ, నేను జూనియర్ లెక్చరర్‌ని, ఇది రోజూ చెప్పేదే. జన్యువులో ప్రొటీన్‌కు పనికొచ్చే రాత వరుసగా ఉండదు, మధ్య మధ్యలో పనికిరాని పొడుగాటి రాత ఉంటుంది. పనికొచ్చేది ఎక్సాన్, మధ్యది ఇంట్రాన్. 1977లో రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్ బృందాలు ఒక వైరస్‌లో ఇది కనిపెట్టాయి, 1993లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. ఆర్‌ఎన్‌ఏలో ఇంట్రాన్ దాదాపు ఎప్పుడూ జీయూతో మొదలై ఏజీతో ముగుస్తుంది. యూ1 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ-ప్రొటీన్ ముద్ద మొదటి కొసను పడుతుంది, యూ2 లోపలున్న ఒక 'ఏ' అక్షరం దగ్గర కూర్చుంటుంది, తర్వాత యూ4, యూ5, యూ6 వచ్చి చేరతాయి. ఇవన్నీ కలిసిన యంత్రమే స్ప్లైసియోజోమ్. ఇంట్రాన్ ఉచ్చులా ముడుచుకొని బయటికి పోతుంది, అటూ ఇటూ ఉన్న ఎక్సాన్లు అతుక్కుంటాయి.

స్రవంతీ, నీ బ్యాండ్ సంగతి సాయంత్రం రాస్తాను. ఇప్పుడు క్లాసుంది.

పద్మక్క_కొత్తవాడ | సోమవారం ఉదయం 11.30

నేను చదువుకున్నది డిగ్రీ వరకే, మా బిడ్డ బయోటెక్నాలజీ చేస్తోంది కాబట్టి ఈ ఫోరం చూస్తుంటాను. నాకు ఇది బతుకమ్మ పేర్చినట్టు అనిపించింది. మా ఇంట్లో ఒకరు గునుగు, తంగేడు కట్ట విప్పి అందిస్తుంటారు, నేను పేరుస్తుంటాను, మా అత్త పక్కన కూర్చొని కాడలు కత్తిరిస్తుంటుంది. మొత్తం పేర్చి ఆ తర్వాత కాడలు కత్తిరిద్దామంటే కుదరదు, పని జరుగుతుండగానే కత్తెర ఆడాలి. అందించేవాళ్లు తొందర చేస్తే కొన్ని కాడలు కత్తిరించకుండానే లోపలికి పోతాయి. ఇక్కడ కూడా అంతేనా?

ఈగలగది | సోమవారం మధ్యాహ్నం 1.10

పద్మక్కా, మీరు చెప్పిన చివరి మాట, తొందర చేస్తే కొన్ని మిగిలిపోతాయన్నది, ఈ చర్చకే ప్రాణం. దాని దగ్గరికి వస్తాను. ఒక్క తేడా మాత్రం చెప్పాలి. కాడ పువ్వుకు చివర ఉంటుంది, చేతికి రాగానే కత్తిరించవచ్చు. ఇంట్రాన్ మధ్యలో ఉంటుంది. దాని మొదటి కొస బయటికొచ్చినా సరే, రెండో కొస తయారై బయటికి వచ్చేదాకా కోత జరగదు. పూలమాల కడుతుంటే మధ్యలో ఒక మూర వాడిన పూలు వచ్చాయనుకోండి. ఆ మూర అయిపోయి మళ్లీ మంచి పువ్వు వచ్చేదాకా ఆగి, అప్పుడు ఆ మూర తీసేసి రెండు కొసలూ ముడివేయాలి. మాల కట్టే చెయ్యి మాత్రం ఆగదు, ముందుకు పోతూనే ఉంటుంది.

అందుకే లెక్క రెండు గడియారాల మధ్య. ఒకటి పాలిమరేజ్ వేగం. ఈగల్లో నిమిషానికి సుమారు 1,000 నుంచి 1,500 బేస్‌లు, అంటే ఆర్‌ఎన్‌ఏ అక్షరాలు. రెండోది స్ప్లైసియోజోమ్ కూడుకొని కోసే సమయం, మామూలుగా కొద్ది నిమిషాలు. ఇంట్రాన్ తర్వాత ఇంకా 6,000 బేస్‌ల జన్యువు మిగిలి ఉంటే పాలిమరేజ్‌కు నాలుగు నుంచి ఆరు నిమిషాలు పడుతుంది, కత్తెరకు కావలసినంత సమయం. మిగిలింది 500 బేస్‌లే అయితే అర నిమిషంలో అచ్చు అయిపోతుంది. అప్పుడు కోత తర్వాతకు జరగవచ్చు.

స్రవంతీ, మీ సార్ ప్రశ్నకు నా జవాబు ఇదీ: "ముందా, తర్వాతా" అని జన్యువు మొత్తానికి ఒక్క జవాబు ఉండదు. ఇంట్రాన్ ఇంట్రాన్‌కూ విడిగా అడగాలి.

కరీంనగర్_మాస్టారు | సోమవారం సాయంత్రం 5.45

ఫొటోల సంగతి ఒప్పుకుంటాను. కానీ ఫొటోల్లో చూసినవి కొద్ది జన్యువులే కదా. ఈగకు పద్నాలుగు వేల దాకా ప్రొటీన్ జన్యువులున్నాయి. ఏవో కొన్నింట్లో ఇలా జరిగితే పాఠ్యపుస్తకం మార్చాలా? ఎక్కువ శాతం ఎలా జరుగుతుందో లెక్క చూపించండి.

ఈగలగది | సోమవారం రాత్రి 9.30

సరైన ప్రశ్న మాస్టారూ. ఆ లెక్క 2011లో వచ్చింది. యెవ్‌గేనియా ఖోడోర్ పని చేసింది మైఖేల్ రోస్బాష్ ల్యాబ్‌లో. 2017లో జీవ గడియారం పరిశోధనకు నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరాయన. డ్రోసోఫిలా ఎస్2 కణాల (ల్యాబ్‌లో పెంచే ఈగ కణాల) నుంచి, ఈగల తలల నుంచి క్రొమాటిన్ (ప్రొటీన్లు చుట్టుకున్న డీఎన్‌ఏ) వేరు చేసి, పాలిమరేజ్ చేతిలో ఇంకా ఉన్న ఆర్‌ఎన్‌ఏను మాత్రమే పట్టి సీక్వెన్స్ చేశారు. ఉప్పు, యూరియా కలిసిన ద్రావణంతో కడిగితే వదులుగా ఉన్న ఆర్‌ఎన్‌ఏ పోతుంది, డీఎన్‌ఏతో పట్టుకొని ఉన్న పాలిమరేజ్, దాని పోగు మిగులుతాయి.

పట్టింది నిజంగా సగం తయారైన ఆర్‌ఎన్‌ఏనే అని ఎలా తెలుస్తుంది? మళ్లీ ఈత కొమ్మ గుర్తుచేసుకోండి. ప్రతి పోగులోనూ జన్యువు మొదటి భాగం ఉంటుంది, చివరి భాగం చివరికి చేరిన పోగుల్లోనే ఉంటుంది. కాబట్టి సీక్వెన్స్ రీడ్‌లు (యంత్రం చదివిన ముక్కలు) మొదట్లో ఎక్కువగా, చివరికి పోయేకొద్దీ తక్కువగా రావాలి. పూర్తయిన ఆర్‌ఎన్‌ఏలో అలాంటి వాలు ఉండదు.

లెక్క ఏమొచ్చిందంటే, పరిశీలించిన ఇంట్రాన్లలో 87 శాతం, అచ్చు జరుగుతుండగానే సగానికి మించి తెగుతున్నాయి. మిగిలిన 13 శాతం నెమ్మది. మొత్తం ఇంట్రాన్లలో సుమారు 3 శాతం దాదాపు తెగకుండానే ఉండిపోతున్నాయి. ఒకే పోగులో ఒక ఇంట్రాన్ చటుక్కున తెగితే దాని పక్కదే మిగిలి ఉంటుంది. జన్యువు మొదటి ఇంట్రాన్లు, పొడుగువి, వేర్వేరు తీరుల్లో అతికే ఎక్సాన్ల పక్కనున్నవి వెనకబడతాయి.

ఇప్పుడు పద్మక్క మాట దగ్గరికి వస్తాను. పాలిమరేజ్ నెమ్మదిస్తే ఏమవుతుంది? సీ4 అనే మార్పు ఉన్న ఈగల్లో పాలిమరేజ్ నెమ్మదిగా నడుస్తుంది. ఆ పాలిమరేజ్ పెట్టిన ఎస్2 కణాల్లో తెగకుండా మిగిలే ఇంట్రాన్లు బాగా తగ్గాయి. అందించే చెయ్యి నెమ్మదిస్తే కత్తెరకు సమయం దొరికింది. రెండు గడియారాల పోటీ అని నేను నమ్మకంగా చెప్పడానికి కారణం ఈ ఒక్క ప్రయోగం. శాతాలు మరిచిపోయినా దీన్ని మాత్రం మరవకండి.

జనగామ_జువాలజీ | సోమవారం రాత్రి 10.10

సీ4 గురించి ఒక ముక్క కలుపుతాను. అర్జెంటీనాలో అల్బెర్టో కోర్న్‌బ్లిట్ బృందం 2003లో అదే నెమ్మది పాలిమరేజ్ ఉన్న ఈగల్లో అల్ట్రాబైథొరాక్స్ జన్యువు స్ప్లైసింగ్ తీరే మారిందని చూపింది. అంటే వేగం మారితే ఎప్పుడు తెగుతుందన్నదే కాదు, ఏ ఎక్సాన్ ఉంటుంది, ఏది పోతుంది అన్నదీ మారుతుంది. డీస్కామ్1 అనే ఒకే జన్యువు నుంచి ఈగ 38,016 రకాల ఆర్‌ఎన్‌ఏలు చేయగలదు. 12, 48, 33, 2 ఎక్సాన్ల గుంపుల నుంచి ఒక్కొక్కటి ఏరుకుంటుంది, గుణించి చూడండి. ఇలాంటి జన్యువులున్న జీవికి సమయం చిన్న సంగతి కాదు.

కాజీపేట_కిరణ్ | సోమవారం రాత్రి 10.40

అయితే ఇది క్యూ పద్ధతా? ముందు బయటికొచ్చిన ఇంట్రాన్ ముందు, తర్వాత వచ్చింది తర్వాత తెగుతుందా?

ఈగలగది | సోమవారం రాత్రి 11.00

కాదు కిరణ్. 2020లో స్టిర్లింగ్ చర్చ్‌మన్ ల్యాబ్ సగం తయారైన ఆర్‌ఎన్‌ఏ పోగుల్ని ముక్కలు చేయకుండా పొడుగ్గానే నానోపోర్ యంత్రంలో చదివింది. మనిషి కణాల్లోనూ, డ్రోసోఫిలా కణాల్లోనూ. ఒకే పోగులో ఏ ఇంట్రాన్ పోయింది, ఏది మిగిలిందో నేరుగా కనబడుతుంది. తెగే వరుస అచ్చు వరుసను ఖచ్చితంగా పాటించదని తేలింది. వెనక వచ్చింది ముందు తెగడం మామూలే.

పొడుగుదైతే ఆలస్యం అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఈగల్లో ఎక్కువగా కనబడే ఇంట్రాన్ పొడవు 60 నుంచి 70 బేస్‌లు. కొత్తగా తయారైన ఆర్‌ఎన్‌ఏకు గుర్తు వేసి కొలిచిన 2017 నాటి పని ఒకటుంది. ఆ పొట్టి ఇంట్రాన్లు చుట్టుపక్కల పొడవుల కన్నా త్వరగా తెగుతున్నాయి. కానీ వాటికన్నా చాలా పొడుగైన కొన్ని ఇంకా త్వరగా తెగుతున్నాయని అందులో తేలింది. పొట్టివాటిలో యంత్రం ఇంట్రాన్‌ను దాటి రెండు కొసల్నీ గుర్తుపడుతుంది, పొడుగువాటిలో ఎక్సాన్‌ను దాటి గుర్తుపడుతుంది. 2011 లెక్కలో పొడుగువి వెనకబడ్డాయి అన్నాను కదా. ఈ రెండు కొలతలూ ఒకటి కావు: అచ్చు అయ్యేలోపు ఎంత శాతం తెగిందన్నది ఒకటి, రెండు కొసలూ తయారయ్యాక ఎంత వేగంగా తెగిందన్నది ఇంకొకటి. సెమినార్‌లో ఇవి రెండూ కలిపేస్తే అక్కడే పట్టుకుంటారు, స్రవంతీ.

మంచిర్యాల_మహేష్ | మంగళవారం ఉదయం 6.50

చెల్లె, నీ జెల్ సంగతికి వస్తా. నేను ఎమ్మెస్సీ చేసినప్పుడు ఇదే బ్యాండ్‌తో రెండు నెలలు పోగొట్టుకున్నా. ఇంట్రాన్‌తో ఉన్న ఆర్‌ఎన్‌ఏ, జీనోమ్ డీఎన్‌ఏ రెండూ ఒకే సైజు బ్యాండ్ ఇస్తాయి, జెల్ మీద తేడా తెలియదు. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైము) వేయకుండా ఒక ట్యూబ్ పెట్టు. అందులోనూ బ్యాండ్ వస్తే అది డీఎన్‌ఏ. డీఎన్ఏజ్ (డీఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైము) వేసి మళ్లీ శుభ్రం చేసుకో. రాకపోతే అది ఆర్‌ఎన్‌ఏనే. నాది డీఎన్‌ఏనే అని తేలింది. నీది వేడి ఈగల్లో మాత్రమే వస్తోంది కాబట్టి నాకు ఆశ ఉంది, కానీ ఆ ట్యూబ్ లేకుండా ఎవరికీ చూపించకు.

జనగామ_జువాలజీ | మంగళవారం సాయంత్రం 6.20

మహేష్ చెప్పింది మొదటి పని. రెండో పని సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏ నుంచి చేసిన డీఎన్‌ఏ కాపీ) ఏ ప్రైమర్‌తో చేశావన్నది. నీ సార్ అడిగిన ప్రశ్నకు జవాబు నీ ఫ్రిజ్‌లోనే ఉంది.

రాండమ్ హెక్సామర్ (ఎక్కడైనా అతికే ఆరక్షరాల ప్రైమర్)తో చేస్తే కణంలో ఉన్న అన్ని ఆర్‌ఎన్‌ఏలూ వస్తాయి, పాలిమరేజ్ ఇంకా అచ్చు వేస్తున్న సగం పోగులతో సహా. అందులో ఇంట్రాన్ కనబడితే "ఇంకా తెగే సమయం రాలేదు" అనవచ్చు. ఒలిగో డీటీ (తోకలోని 'ఏ' అక్షరాలకు అతికే ప్రైమర్)తో చేస్తే తోక అతికిన ఆర్‌ఎన్‌ఏలే వస్తాయి. తోక అతికిందంటే ఆ పోగు పాలిమరేజ్ నుంచి విడిపోయిందని అర్థం. అచ్చు అయిపోయింది, తోక వచ్చింది, ఇంట్రాన్ మాత్రం అలాగే ఉంది. అప్పుడు "సమయం రాలేదు" అనే మాట చెల్లదు. కోత ఆగిపోయిందనే చెప్పాలి.

వేడికి అలా ఆగుతుందని తెలిసిన విషయమే. యోస్ట్, సూసన్ లిండ్‌క్విస్ట్ 1986లో డ్రోసోఫిలా కణాల్లోనే చూపించారు. 38 డిగ్రీల దగ్గర స్ప్లైసింగ్ ఆగిపోయి ఇంట్రాన్ తెగని ఆర్‌ఎన్‌ఏ పోగుపడుతుంది. కానీ ముందుగా 35 డిగ్రీల మెత్తటి వేడి తగిలించి, హీట్ షాక్ ప్రొటీన్లు (వేడి తగిలితే కణం తయారుచేసుకునే రక్షక ప్రొటీన్లు) తయారయ్యాక 38కి తీసుకెళ్తే స్ప్లైసింగ్ నిలబడుతుంది. వేడికి ఎక్కువగా పలికే హెచ్‌ఎస్‌పీ70 జన్యువులో ఇంట్రానే లేదు, కత్తెర పనిచేయని వేళ కూడా అది పని చేసుకుపోగలదు. నువ్వు తీసుకున్న హెచ్‌ఎస్‌పీ83లో ఇంట్రాన్ ఉంది. జన్యువును బాగా ఎంచుకున్నావు.

ఈగలగది | మంగళవారం రాత్రి 8.15

మంచి సలహా. చిన్న జాగ్రత్త ఒకటి: ఒలిగో డీటీ కొన్నిసార్లు పోగు మధ్యలో 'ఏ' (A) అక్షరాలు గుంపుగా ఉన్నచోట కూడా అతుక్కుంటుంది. నీ ప్రైమర్లున్న భాగంలో, దాని కింద అలాంటి గుంపు ఉందేమో ఒకసారి చూసుకో.

పద్మక్క_కొత్తవాడ | బుధవారం ఉదయం 10.00

మన వరంగల్‌లో మే నెల వేడి 40 దాటుతుంది. మరి మా మామిడి తొక్కల మీద వాలే ఈగలు అప్పుడు ఎట్ల బతుకుతాయి? చలికాలంలో వాటికి తేడా ఉండదా? నాకు ఈ జీవుల మీద ఇప్పుడు జాలి కలుగుతోంది.

ఈగలగది | బుధవారం రాత్రి 9.05

అక్కా, అవి నీడ వెతుక్కుంటాయి. కుండ పక్కన తడి చోట, ఉదయం సాయంత్రం తిరుగుతాయి. ల్యాబ్‌లో సీసాలు ఎండ పడే కిటికీ పక్కన పెడితే మాత్రం వాటికి దిక్కుండదు. 30 దాటితే మగ ఈగలు సంతానం ఇవ్వలేవు, ఒక వేసవిలో కరెంటు పోయి నా స్టాకులు కొన్ని అలాగే పోయాయి.

చలికి తేడా ఉంటుంది, అది కూడా ఇంట్రాన్‌తోనే. ఈగ దినచర్యను నడిపే పీరియడ్ జన్యువులో చిట్టచివర, ప్రొటీన్ రాత అయిపోయిన తర్వాత, 89 బేస్‌ల చిన్న ఇంట్రాన్ ఒకటుంది. చలిలో అది ఎక్కువగా తెగుతుంది. తెగినప్పుడు ఆ ఆర్‌ఎన్‌ఏ త్వరగా పోగవుతుంది, ఈగ సాయంత్రపు చురుకుదనం ముందుకు జరుగుతుంది. 1999లో ఐజాక్ ఎడెరీ బృందం ఇది చూపింది. చలికాలంలో పొద్దు త్వరగా గుంకుతుంది కదా, అప్పుడు ఈగ కూడా తన పని ముందుగా ముగించుకుంటుంది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను, ఈ చర్చలో నాకు అన్నింటికన్నా ఇష్టమైంది. ఈగ గుడ్డులో మొదటి 13 విడతలు కేంద్రకాలే చీలుతాయి, మధ్యలో కణత్వచాలు ఉండవు. మొదట్లో ఒక్కో విడత పది నిమిషాల లోపే. విడత చివర కేంద్రకం చీలేటప్పుడు సగంలో ఉన్న అచ్చు రద్దయిపోతుంది. అల్ట్రాబైథొరాక్స్ జన్యువు పొడవు 77,000 బేస్‌లు, ఒక్క ప్రతి పూర్తి కావడానికే దాదాపు గంట. ఆ హడావిడిలో అది పూర్తయ్యే ప్రశ్నే లేదు. అందుకే తొలి గంటల్లో పలికే జన్యువులు ఎక్కువగా పొట్టివి, చాలావాటికి ఇంట్రాన్లే ఉండవు.

దీన్ని పరీక్షించిన తీరు చూడండి. క్నిర్ప్స్ అనే జన్యువు పిండం పొట్ట భాగాన్ని తీర్చుతుంది. దానికి ఒక జంట జన్యువుంది, దాదాపు అదే ప్రొటీన్. కానీ క్నిర్ప్స్ ఇంట్రాన్లు వెయ్యి బేస్‌ల లోపు, జంటది 19,000 బేస్‌లు. క్నిర్ప్స్ పాడైతే జంట జన్యువు ఆదుకోలేదు, పిండం చచ్చిపోతుంది. 1992లో హెర్బర్ట్ యాక్‌లే బృందం ఆ జంట జన్యువులో ఇంట్రాన్ తీసేసి ఈగలో పెట్టింది. అప్పుడు అది క్నిర్ప్స్ పని చేసిపెట్టింది. ప్రొటీన్‌లో లోపం లేదు, సమయమే చాలలేదు.

కాజీపేట_కిరణ్ | బుధవారం రాత్రి 9.50

చదివి లేచి నిలబడ్డాను. మరి ఆ 77,000 బేస్‌ల జన్యువు తర్వాత పలికేటప్పుడు పెద్ద ఇంట్రాన్ గంటసేపు వేలాడుతూనే ఉంటుందా?

ఈగలగది | బుధవారం రాత్రి 10.20

ఉండదు. దాన్ని ముక్కలు ముక్కలుగా కోస్తుంది. అల్ట్రాబైథొరాక్స్ పెద్ద ఇంట్రాన్ మధ్యలో కొన్ని చోట్ల ఏజీ, వెంటనే జీయూ పక్కపక్కనే ఉంటాయి. ఒక ముక్క తెగగానే అక్కడే కొత్త మొదటి కొస తయారవుతుంది, పాలిమరేజ్ ఇంకా ముందుకు పోతుంటే తర్వాతి ముక్క తెగుతుంది. 1998లో హావియర్ లోపెజ్ బృందం దీన్ని చూపింది. 2015లో జీనోమ్ అంతా వెతికితే 115 జన్యువుల్లోని 130 ఇంట్రాన్లలో ఇలాంటి చోట్లు 197 దొరికాయి. అచ్చు జరుగుతుండగానే కోత నడుస్తుందనడానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం నాకు తెలియదు.

కరీంనగర్_మాస్టారు | గురువారం ఉదయం 6.30

రాత్రి రెండుసార్లు చదివాను. నేను ఆదివారం రాసింది పరీక్షకు సరిపోయే మాట, ఈగకు సరిపోయే మాట కాదు. స్రవంతీ, నేను చెప్పిన వరుస పట్టుకొని సెమినార్‌కు పోకు.

ఒక్క విన్నపం. "అన్ని జీవుల్లోనూ ఇంతే" అని మాత్రం అనవద్దు. ఈగ లెక్క ఈగదే కదా?

ఈగలగది | గురువారం ఉదయం 7.45

అవును మాస్టారూ, ఈగదే. రోస్బాష్ ల్యాబే 2012లో ఎలుక కాలేయంలో కొలిస్తే అచ్చు జరుగుతుండగా తెగేది ఈగలో కన్నా చాలా తక్కువ. ఎలుకలో తెగుతుంది, కానీ ఈగ అంతగా కాదు. స్రవంతీ, శీర్షికలోనే "డ్రోసోఫిలాలో" అని పెట్టు.

స్రవంతి_హన్మకొండ | వచ్చే మంగళవారం రాత్రి 8.30

అందరికీ చేతులెత్తి దండం. నాలుగు రోజులు ల్యాబ్‌లోనే ఉన్నాను. వచ్చినవి ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ లేని ట్యూబులన్నీ ఖాళీ, మూడుసార్లు చేశాను. కాబట్టి డీఎన్‌ఏ కాదు. ఒలిగో డీటీతో చేసిన సీడీఎన్‌ఏలో 38 డిగ్రీల ఈగలకు పై బ్యాండ్ వచ్చింది, 25 డిగ్రీల ఈగలకు రాలేదు. జనగామ మేడం చెప్పినట్టు ముందు 35లో ఉంచి తర్వాత 38కి తీసుకెళ్లిన ఈగల్లో పై బ్యాండ్ చాలా పలచగా ఉంది. రాండమ్ హెక్సామర్‌తో చేస్తే 25 డిగ్రీల ఈగల్లో కూడా పైన సన్నటి గీత కనబడుతోంది. అది పాలిమరేజ్ చేతిలో ఉన్న పోగులదేనేమో అనుకుంటున్నాను, కానీ నా దగ్గర క్రొమాటిన్ విడదీసే సౌకర్యం లేదు కాబట్టి స్లైడ్‌లో "అయ్యుండవచ్చు" అనే రాశాను. ఈగలగది అన్న చెప్పిన 'ఏ' అక్షరాల గుంపు కోసం కూడా వెతికాను, నా ప్రైమర్ల మధ్య గానీ కింద గానీ పెద్ద గుంపు ఏదీ లేదు.

గైడ్ సార్ జెల్ చూసి కుర్చీలో కూర్చోమన్నారు. నిలబెట్టి అడిగిన మనిషి కూర్చోబెట్టి అడిగారు, "ఈ ఆర్‌ఎన్‌ఏకు తోక ఉందని ఎట్ల తెలుసు?" అని. ఈసారి చెప్పగలిగాను.

స్లైడ్ బొమ్మ నేనే గీశాను. మధ్యలో డీఎన్‌ఏ, దాని మీద ఐదు పాలిమరేజ్‌లు, ఐదు పోగులు, ఎడమ నుంచి కుడికి వరుసగా పొడుగవుతూ. మూడో పోగు మీద స్ప్లైసియోజోమ్ పెట్టాను. మాస్టారు గారూ, మీరు చూసి చెప్పండి.

కరీంనగర్_మాస్టారు | వచ్చే మంగళవారం రాత్రి 9.15

బొమ్మ చూశాను తల్లీ. చేతిరాత బాగుంది, పేర్లు స్పష్టంగా ఉన్నాయి. ఒక్కటే తప్పు. మూడో పోగు మీద వలయం గీయి, యంత్రం దాని అడుగున ఉండాలి. ఇంట్రాన్ అక్కడే పోతోంది కాబట్టి నాలుగో పోగు మూడోదానికన్నా పొట్టిగా ఉండాలి. నువ్వు పొడుగ్గా గీశావు. ఐదోది మళ్లీ కొంచెం పెరగాలి. అది దిద్ది పంపు, జూన్‌లో మా వీధి పిల్లలకు నేనూ ఇదే బొమ్మ గీసి చెప్తాను.